సత్రంలో చోటు దొరకని వారి పండుగ

డిసెంబర్ 25న ఢిల్లీ గోల్ డాక్‌ఖానా దగ్గర రోడ్డు దాటడం కష్టం. ఒక పక్క బంగ్లా సాహిబ్ గురుద్వారాకు వచ్చిపోయే జనం, మరో పక్క సేక్రెడ్ హార్ట్ కెథడ్రల్ ముందు పోలీసు బారికేడ్ల మధ్య మెలికలు తిరిగిన క్యూ. ఆ క్యూలో చాలామంది క్రైస్తవులు కారు. పిల్లల తలకు ఎర్ర టోపీ పెట్టి తీసుకొచ్చిన తల్లిదండ్రులు, మెట్రో దిగి నడిచొచ్చిన కాలేజీ కుర్రకారు, కొవ్వొత్తి వెలిగించి కళ్ళు మూసుకుని తమ ఇంటి కష్టమేదో చెప్పుకునే ఆడవాళ్ళు. ఏ మతం వాడైనా ఆ రోజు ఒకసారి ఇటు వచ్చి పోవడం ఈ నగరానికి పాత అలవాటు. ఆ రద్దీ నాకు ఇష్టం. మొక్కు మొక్కే చేయి ఎవరిదైనా మొక్కే కదా.

అయితే ఈ విచారణకు (పారిష్‌కు) క్రిస్మస్ అంటే ఏమిటో తెలియాలంటే ముందురోజు రాత్రే వెళ్ళాలి.

24వ తేదీ రాత్రి పూజకు వచ్చేవాళ్ళు శాలువాలు, మఫ్లర్లు చుట్టుకుని వస్తారు. లోపలికి అడుగుపెట్టగానే ఎత్తైన కమాను కప్పు, వరుసగా నిలిచిన స్తంభాలు కనిపిస్తాయి. దీని నమూనా గీసిన హెన్రీ మెడ్, రాష్ట్రపతి భవన్ దగ్గర ఉన్న ప్రొటెస్టెంట్ల రిడెంప్షన్ చర్చినీ గీశాడు. 1929లో ఆగ్రా అగ్రపీఠాధిపతి ఇక్కడ పునాదిరాయి వేశారు. గుడి కట్టాలని పూనుకున్నది అస్సీసీ ఫ్రాన్సిస్ సభకు చెందిన ఫాదర్ లూక్. ఒక పక్క సెయింట్ కొలంబాస్, మరో పక్క జీసస్ అండ్ మేరీ కాన్వెంట్ బడులు. మధ్యలో ఈ గుడి. కొత్త ఢిల్లీ రూపు దిద్దుకుంటున్న రోజుల్లో లేచిన కట్టడమిది.

పూజలో నాలుగు ఆదివారాలుగా పాడని మహిమ గీతం ఆ రాత్రి గంటల మోతతో తిరిగి వస్తుంది. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలో గురువులు వేసుకున్న ఊదా రంగు వస్త్రాలు పోయి తెలుపు వస్తుంది. అప్పటిదాకా ఖాళీగా ఉన్న పశువుల తొట్టిలో బాల యేసు స్వరూపాన్ని పడుకోబెడతారు. ఇవన్నీ కంటికి కనిపించేవి. నన్ను ఏటా కదిలించేది మాత్రం చాలామంది గమనించని ఒక చిన్న కదలిక. విశ్వాస సంగ్రహాన్ని కేథలిక్కులు ప్రతి ఆదివారం నిలబడే చెబుతారు. దేవుని కుమారుడు కన్య మరియమ్మ కడుపున మనిషై పుట్టాడనే మాట దగ్గర తల వంచుతారు. ఏడాదిలో రెండు పండుగలకు మాత్రం ఆ మాట దగ్గర మోకరిస్తారు: మార్చి 25న మంగళవార్త పండుగకు, క్రిస్మస్‌కు. కిక్కిరిసిన గుడిలో మోకాలు ఆనించడానికి జానెడు చోటు ఉండదు. నడవలో నిలబడ్డవాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఒంగుతారు. ఒకావిడ చేతిసంచి ఒళ్ళోకి తీసుకుని పక్కావిడకు చోటిస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దాయన బెంచీ అంచు పట్టుకుని సగం దాకా వంగి అక్కడే ఆగిపోతాడు. నాలుగు క్షణాల్లో అందరూ లేస్తారు.

ఆ నాలుగు క్షణాల్లోనే పండుగ సారమంతా ఉందని నేను నమ్ముతాను. యేసు పుట్టినరోజని పిల్లలకు చెబుతాం, అది నిజమే. విశ్వాసి మాత్రం అంతకంటే పెద్ద మాట ఒప్పుకుంటున్నాడు: దేవుడు మన ఆకలిలోకి, చలిలోకి, దిక్కులేనితనంలోకి దిగి వచ్చాడని. ఆయన అంత కిందికి దిగాడు కనుక ఆ మాట దగ్గర మనం నిలబడి ఉండలేం. క్రిస్మస్‌కు మూడు పూజలు వేర్వేరు సువార్త పాఠాలతో ఉండడం వెనకా ఇదే వరుస కనిపిస్తుంది. రాత్రి పూజలో లూకా చెప్పిన జనన వృత్తాంతం, వేకువ పూజలో గొల్లలు పరుగెత్తుకుని వెళ్ళి బిడ్డను చూడడం, పగటి పూజలో యోహాను సువార్త తొలి అధ్యాయం. అంటే ముందు తొట్టి, ఆ తర్వాతే తత్వం.

లూకా కథను ఢిల్లీలో వినడం వేరు. చక్రవర్తి అగుస్తు జనాభా లెక్క రాయించమన్నాడు. యోసేపు నజరేతు నుంచి నిండు గర్భిణితో బేత్లెహేముకు బయల్దేరాడు. సత్రంలో చోటు లేకపోయింది. కాగితాల కోసం ఊళ్ళు తిరగడం, ఇల్లు అద్దెకు దొరక్కపోవడం, పురిటి వేళ అయినవాళ్ళు పక్కన లేకపోవడం... ఈ గుడిలో కూర్చున్నవాళ్ళకు ఇవేవీ పాతకాలపు సంగతులు కావు. ఢిల్లీ కేథలిక్కుల్లో ఎక్కువమంది ఎక్కడి నుంచో వచ్చి స్థిరపడ్డవాళ్ళు. ఆసుపత్రుల్లో పనిచేసే మలయాళీ నర్సులు, తమిళులు, గోవా, మంగళూరు కుటుంబాలు, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా ఆదివాసులు. మలయాళీల సంఖ్య ఎంతగా పెరిగిందంటే 2012లో సిరో మలబార్ సంప్రదాయానికి ఫరీదాబాద్ కేంద్రంగా ప్రత్యేక పీఠమే ఏర్పడింది. 2015లో మలంకర సంప్రదాయానికి గురుగ్రామ్‌లో మరొకటి.

మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఉద్యోగాల మీద వచ్చినవాళ్ళు, విశ్వవిద్యాలయాల్లో చదువుకునే పిల్లలు, సేవకు వచ్చిన గురువులు, కన్యాస్త్రీలు. ఫిరంగిపురం బాల యేసు గుడి సంబరమో, ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్ళో చూస్తూ పెరిగినవాళ్ళకు ఢిల్లీ పూజ మొదట్లో వెలితిగానే ఉంటుంది. పాటలు హిందీలోనో ఇంగ్లిషులోనో సాగుతాయి. ఇంటి పైకప్పు మీద వెదురు బద్దల నక్షత్రం ఉండదు, వీధుల్లో తిరిగే కీర్తనల మేళం ఉండదు. ఆ వెలితి కూడా ఈ పండుగలో భాగమేనని నాకు అనిపిస్తుంది. తన ఊళ్ళో, తన ఇంట్లో పుట్టని బిడ్డ పండుగ కదా ఇది.

ఈ మాట అందరికంటే బాగా తెలిసింది ఆదివాసీ అమ్మాయిలకు. ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడా ఇళ్ళలో వంట, అంట్లు, పసిపిల్లల ఆలనాపాలనా చూసేవాళ్ళలో ఉరావ్, ముండా, ఖరియా తెగల అమ్మాయిలు చాలామంది. వాళ్ళ తాతముత్తాతల విశ్వాసం 1885లో ఛోటానాగపూర్ వచ్చిన బెల్జియం జెజూట్ గురువు కాన్‌స్టాంట్ లీవెన్స్ నాటిది. భూమి కోసం జమీందార్లతో కోర్టులకెక్కిన పేదల పక్షాన నిలిచి, చట్టం చదివి చెప్పి, ఆయన వాళ్ళ మనసు గెలిచాడు. ఆ వంశాల మనవరాళ్ళు ఇవాళ నగరంలో వంటగది పక్క గదిలో, కొన్నిచోట్ల అది కూడా లేకుండా బతుకుతున్నారు. ఏజెంట్ల చేతిలో మోసపోయినవాళ్ళు, జీతం అందనివాళ్ళు, ఇంటి ముఖం చూడనివాళ్ళు వాళ్ళలో ఉన్నారు. ఢిల్లీ అగ్రపీఠం సామాజిక సేవా విభాగం చేతనాలయ ఇంటిపని చేసేవాళ్ళను కూడగడుతోంది. దేశంలో ఈ పనికి ముందుగా నడుం కట్టినవారిలో ఒకరు, 1985లో జాతీయ గృహ కార్మికుల ఉద్యమాన్ని మొదలుపెట్టిన సిస్టర్ జాన్ దెవోస్. వారానికి కనీసం 24 గంటల వరుస విశ్రాంతి ఇంటి పనివాళ్ళ హక్కని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందంలో రాసింది. భారత్ దానికి అనుకూలంగా ఓటు వేసింది కానీ ఇప్పటికీ ధ్రువీకరించలేదు.

కనుక డిసెంబర్ 25న ఆ అమ్మాయిలకు సెలవు దొరకడమే పెద్ద సంగతి. దొరికినవాళ్ళు ఎర్ర అంచు తెల్లచీర కట్టుకుని పూజకు వస్తారు. తర్వాత గుడి ఆవరణలో చేయి చేయి కలిపి వరుసగా అడుగులు వేస్తారు. మాందర్ డప్పు మోగుతుంది, సాద్రిలో పాట సాగుతుంది. ఊరివాళ్ళ కబురు తెలిసేది అక్కడే, పెళ్ళి సంబంధాలు కుదిరేదీ అక్కడే, ఎవరి యజమాని ఎలాంటివాడో హెచ్చరించుకునేదీ అక్కడే. డబ్బాల్లోంచి అర్సా బయటికి వస్తుంది: బియ్యప్పిండి, బెల్లప్పాకం కలిపి నూనెలో వేయించింది. మన అరిసె తిన్నవాడికి అది ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. దేవదూతలు మొదటి వార్త చెప్పింది రాత్రిపూట పొలాల్లో కాపలా కాసే గొల్లలకేనన్న సువార్త వాక్యానికి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నేను ఏ ప్రసంగంలోనూ వినలేదు.

పశువుల పాకను ఇప్పటి రూపంలో పండుగకు తెచ్చినవాడు ఈ గుడి కట్టిన సభకు మూలపురుషుడు ఫ్రాన్సిస్. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే కొండ పల్లెలో నిజమైన గడ్డి, ఎద్దు, గాడిద తెప్పించి, ఆ తొట్టి మీదే పూజ జరిపించాడు. బిడ్డ పడిన ఇబ్బందిని కళ్ళారా చూడాలన్నదే ఆయన కోరిక. అదే గ్రెచ్చోలో 2019 డిసెంబర్ 1న పోప్ ఫ్రాన్సిస్ పాక గురించి ఒక లేఖ మీద సంతకం చేశారు. ఇప్పుడు విచారణల మధ్య పాకల పోటీలు జరుగుతున్నాయి. జలపాతాలు, రంగు దీపాలు, కదిలే బొమ్మలు. యువత పడే కష్టాన్ని కాదనను. అయినా జలపాతం చూడడానికి ఆగిన కన్ను తొట్టి దాకా వెళ్ళకపోతే ఆ పాక దేనికి? గడ్డి, రెండు పశువులు, చలికి ముడుచుకున్న ఒక కుటుంబం చాలు.

ఢిల్లీ కేథలిక్కులు భయం తెలియనివాళ్ళేం కాదు. 2014 నవంబర్ 30న ఆగమన కాలపు తొలి ఆదివారం. మరునాడు, డిసెంబర్ 1న, దిల్షాద్ గార్డెన్‌లోని సెయింట్ సెబాస్టియన్ గుడి లోపలంతా కాలిపోయింది. ఆ తర్వాతి వారాల్లో నగరంలో మరికొన్ని గుళ్ళలోనూ అపశ్రుతులు జరిగాయి. 2015 ఫిబ్రవరి 5న ఇదే కెథడ్రల్ ముందు నిరసన తెలిపిన గురువులను, కన్యాస్త్రీలను, విశ్వాసులను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. 2014 క్రిస్మస్ దీపాలు ఆ భయం మధ్యే వెలిగాయి.

క్రిస్మస్ కాలం నెత్తుటిని దాచదు కూడా. పండుగ మరునాడే, డిసెంబర్ 26న, రాళ్ళతో కొట్టి చంపబడ్డ స్తెఫాను స్మరణ. 28న హేరోదు చంపించిన పసిపిల్లల పండుగ. ఆ రోజు సువార్తలో యోసేపు తల్లీబిడ్డలను తీసుకుని రాత్రికి రాత్రి ఈజిప్టుకు పారిపోతాడు. పశ్చిమ ఢిల్లీలో వికాస్‌పురి, ఉత్తమ్ నగర్ గల్లీల్లో మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన చిన్ ప్రజలు ఎన్నో ఏళ్ళుగా ఉంటున్నారు. వాళ్ళలో అత్యధికులు క్రైస్తవులు; ఎక్కువమంది బాప్టిస్టులు, కొందరు కేథలిక్కులు. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు, కాబట్టి ఐక్యరాజ్యసమితి సంస్థ ఇచ్చిన కార్డే వాళ్ళకు ఆధారం. చిన్నచిన్న అద్దె గదుల్లో కుటుంబాలు సర్దుకుని ఉంటాయి. క్రిస్మస్‌కు వాళ్ళు ఒకచోట చేరి తమ భాషలో పాడుకుంటారు, వండుకున్నది పంచుకు తింటారు, మర్నాడు దొరికిన పనికి వెళ్తారు.