మీకు తెలుసా? పాత జీతం అడగడం అక్కడ తప్పు

ఇంటర్వ్యూలో కూర్చోగానే "ఇప్పుడు మీ సీటీసీ ఎంత?" అని అడుగుతారు. మనకది మామూలు ప్రశ్న. యూరోపియన్ యూనియన్ 2023 మేలో ఆమోదించిన వేతన పారదర్శకత ఆదేశం ప్రకారం మాత్రం ఆ ప్రశ్న వేయకూడదు. పైగా ఆ ఉద్యోగానికి ఎంత నుంచి ఎంత వరకు ఇస్తారో కంపెనీయే ముందుగా అభ్యర్థికి చెప్పాలి. సభ్యదేశాలు దీన్ని తమ చట్టాల్లో చేర్చుకోవడానికి పెట్టిన గడువు 2026 జూన్ 7.

పాత జీతం అడిగితే ఏమవుతుంది? పిల్లల కోసం రెండేళ్లు ఆగి, తక్కువ జీతానికి ఒప్పుకుని మళ్లీ ఉద్యోగంలో చేరిన అమ్మాయిని తీసుకోండి. తర్వాత ఎన్ని కంపెనీలు మారినా హైక్‌ను ఆ తక్కువ జీతం మీదే లెక్కగడతారు. ఒకచోట జరిగిన అన్యాయం పే స్లిప్‌లో చేరి ఆమె వెంటే వస్తుంది.

జీతాల గోప్యత ఎంత నష్టం చేస్తుందో అమెరికాలోని లిల్లీ లెడ్‌బెటర్ కథ చెబుతుంది. అలబామాలో గుడ్‌ఇయర్ టైర్ల ఫ్యాక్టరీలో ఆమె 1979 నుంచి సూపర్‌వైజర్. రిటైర్మెంట్ దగ్గరపడ్డాక ఎవరో పేరు రాయకుండా ఒక చీటీ పెట్టారు. అందులో ఆమె జీతం, అదే పని చేస్తున్న మగవాళ్ల జీతాలు పక్కపక్కన ఉన్నాయి. ఆమెకు నెలకు 3,727 డాలర్లు. మగవాళ్లలో అందరికంటే తక్కువ తీసుకునే వ్యక్తికే 4,286. కోర్టుకెక్కితే జ్యూరీ ఆమె పక్షాన నిలిచింది. 2007లో సుప్రీంకోర్టు మాత్రం 5–4 మెజారిటీతో కాదంది. వివక్ష చూపిన నిర్ణయం జరిగిన 180 రోజుల్లోపే ఫిర్యాదు చేయాల్సిందట! అసలు తెలియని విషయం మీద ఎవరైనా ఎలా ఫిర్యాదు చేస్తారు? ఆ తీర్పును సరిదిద్దడానికి 2009 జనవరిలో ఆమె పేరుతోనే కొత్త చట్టం వచ్చింది. ఆమె పోగొట్టుకున్న జీతం మాత్రం చేతికి రాలేదు.

యూరప్ ఆదేశం ఆ చీటీ అవసరమే లేకుండా చేస్తోంది. మీలాంటి పని చేసే స్త్రీలకూ పురుషులకూ సగటున ఎంతెంత ఇస్తున్నారో మీరు అడగవచ్చు. రెండు నెలల్లోపు రాతపూర్వకంగా జవాబివ్వాలి. జీతం ఎవరికీ చెప్పొద్దనే షరతులు చెల్లవు. 100 మంది, ఆపైన ఉన్న సంస్థలు స్త్రీపురుషుల జీతాల తేడా లెక్కలను దశలవారీగా బయటపెట్టాలి. ఏ విభాగంలోనైనా తేడా 5 శాతమో అంతకు మించో ఉండి, దానికి సరైన కారణం చూపక, ఆరు నెలల్లో సరిచేయకపోతే, ఉద్యోగుల ప్రతినిధులతో కలిసి జీతాలను సమీక్షించాలి. జర్మనీలోనో ఐర్లండ్‌లోనో పనిచేసే మన తెలుగువాళ్లు తమ దేశపు చట్టంలో ఇది ఏ రూపంలో ఉందో చూసుకోవడం మంచిది.

మన దేశం సంగతి? సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. ఆ చట్టం కింద ఆడ్రీ డికోస్టా అనే స్టెనోగ్రాఫర్ తన కంపెనీ మీద పోరాడి 1987లో సుప్రీంకోర్టులో గెలిచారు. ఆర్థిక ఇబ్బందులున్నాయన్న కంపెనీ వాదనను కోర్టు ఒప్పుకోలేదు. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. ఒకే పనికి, ఒకే తరహా పనికి జీతంలో లింగ వివక్ష కూడదని అది గట్టిగానే చెబుతోంది. తేడాను సరిచేసే పేరుతో ఎవరి జీతమూ తగ్గించకూడదంటోంది. పే స్లిప్ ఇచ్చి తీరాలంటోంది. సహోద్యోగుల సగటు జీతం అడిగే హక్కు మాత్రం అందులో లేదు. డికోస్టా కేసులో జీతాల లెక్క యూనియన్‌తో కుదిరిన ఒప్పందంలో రాతపూర్వకంగా ఉంది. యూనియనే లేని ప్రైవేటు కొలువుల్లో అలాంటి కాగితం ఎక్కడ దొరుకుతుంది? కోడ్‌కు ఆ ఒక్క హక్కూ చేర్చాలని ఉద్యోగ సంఘాలు, మహిళా సంఘాలు ఇప్పుడే గట్టిగా అడగాలి.