పెరటి కొట్టములలో గండుతుమ్మెదలు

వేసవి ముదిరిన దినములలో పశువుల కొట్టమున నిలిచి పైకి చూచినచో, దూలముల అడుగుభాగమున చిటికెనవ్రేలు పట్టునంతటి గుండ్రని రంధ్రములు కొన్నిచోట్ల కానవచ్చును. వడ్రంగి బరమాతో తొలిచినట్లు వాని అంచులు నున్నగా నుండును. క్రింద నేలపై రంపపుపొట్టు చిన్న కుప్పగా పడియుండును. సభ్యులు పలువురు ఈ రంధ్రములను చూపి, "అయ్యగారూ, కొట్టము కూలునా? వీనిని చంపు మందేది?" అని మమ్ము అడుగుచున్నారు. మందు సంగతి తరువాత చెప్పెదము. కొట్టము కూలునా యను ప్రశ్నకు దూలమును పరీక్షించియే ఉత్తరము చెప్పవలయును.

మొదట, ఆ రంధ్రము ఎవరిదో తెలియవలయును. చెదలైనచో మట్టిబాటలు కట్టుకొని పైకెక్కును. కఱ్ఱను పుచ్చుపట్టించు చిన్నపురుగులు గుండుసూది మొనంత బెజ్జములు చేసి, పిండివంటి మెత్తని పొడి రాల్చును. ఈ రెండును కఱ్ఱను తినునవి. గండుతుమ్మెద కఱ్ఱను తినదు. దాని ఆహారము పూలతేనెయు పుప్పొడియు మాత్రమే. ఇల్లు కట్టుకొనుటకే అది కఱ్ఱను తొలుచును గాన, రాలిన పొట్టు మోటుగా, రంపము కోసినప్పుడు రాలినట్లే యుండును. శాస్త్రజ్ఞులు ఈ జాతికి పెట్టిన జైలోకోపా యను గ్రీకు పేరునకు కఱ్ఱను కోయునదని అర్థము.

తొలుచునది ఆడుతుమ్మెద. కొంచెము లోనికి అడ్డముగా పోయిన పిమ్మట అది మలుపు తిరిగి, కఱ్ఱ పొడవు వెంబడి సొరంగము చేసికొనును. ఆ సొరంగపు కొనయందు పుప్పొడిని తేనెతో కలిపి ముద్దచేసి పెట్టి, దానిపై ఒక గ్రుడ్డు ఉంచును. తాను తొలిచిన పొట్టునే నోటితడితో అంటించి అడ్డుగోడ కట్టి, మరల ముద్ద, మరల గ్రుడ్డు, మరల గోడ. ఈ విధముగా గదులు వరుసగా ఏర్పడును. వెదురులోపల సహజముగానే డొల్ల యుండుటచే కొన్ని జాతులు పందిళ్ల వెదుళ్లనే కోరును. రంధ్రము చేసినచో సగము ఇల్లు కట్టినట్లే గదా!

కొట్టము ముందర గాలిలో ఒక్కచోట నిలిచి, మన మొగము మీదికి దూకునట్లు వచ్చునది సాధారణముగా మగది. దానికి కొండి లేదు. ఆడుదానికి కొండి కలదు గాని, పట్టుకొని నలిపినగాని పొడవదు. పిల్లలకు ఈ సంగతి చెప్పినచో సగము భయము తీరును. కొన్ని జాతులలో మగది పసుపువన్నెగాను ఆడుది నల్లగాను ఉండుటచే, అవి రెండు వేర్వేరు పురుగులని మనవారు తలచుటయు కలదు.

ఇక నష్టము మాట. మంచి దూలమునకు ఒకటి రెండు సొరంగములవలన ప్రమాదము లేదు. చిక్కు ఏమనగా, తల్లి విడిచిన సొరంగమునే కూతుళ్లు మరల వాడుకొని, ఇంకను పొడిగించి, కొమ్మలు తీయును. ఇట్లు ఏటేట జరిగినచో కఱ్ఱ లోపల గుల్లయగును. వాననీరు దిగి కుళ్లును. రంధ్రములు వాసపు నడుమనో, దూలము గోడపై ఆనుచోటనో నాలుగైదు దగ్గరదగ్గరగా నున్నచో, సుత్తితో మెల్లగా కొట్టి వినవలయును. డొల్లధ్వని వచ్చినను, ఇనుపచువ్వ సులభముగా దిగినను, వెంటనే ఊతకఱ్ఱ నిలిపి, ఆ కఱ్ఱను మార్చవలయును. క్రింద పశువులు కట్టియుండును గనుక ఈ విషయమున ఆలస్యము పనికిరాదు.

ఇచట మా తప్పిదమొకటి చెప్పక తప్పదు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామమున ఒక రైతు తన కొట్టములోని నాలుగు రంధ్రములను చూపగా, మేము సరిగా విచారింపక, బంకమట్టి పెట్టి మూయుమని చెప్పి వచ్చితిమి. లోపల తుమ్మెద లున్నవి. అవి ప్రక్కగా తొలుచుకొని బయటికి వచ్చినవి. నాలుగు రంధ్రములు ఏడైనవి. ఆ రైతు విసిగి, కఱ్ఱ కొనకు గుడ్డ చుట్టి కిరసనాయిలులో ముంచి వెలిగించి, రంధ్రములకు చూపినాడు. చూరుగడ్డి అంటుకొన్నది. పశువులు మేతకు పోయియుండుటచేతను, ఇరుగుపొరుగువారు బిందెలతో పరుగెత్తి వచ్చుటచేతను నష్టము కప్పులో ఒక వైపుతో ఆగినది. ఆతడు మమ్ము ఒక్కమాట యనలేదు. అనినను మేము పడవలసినవారమే.

ఆ రైతు చేనిలో ఆ యేడు జనుము విత్తనమునకై విడువబడియుండెను. జనుము పువ్వు తన పుప్పొడితో తాను కాయపట్టుట అరుదు. బరువైన తుమ్మెద వంటిది వచ్చి పువ్వుపై వాలి, లోని కీలాగ్రమును రాచినగాని గింజ సరిగా పట్టదు. పచ్చిరొట్టకు జనుమువిత్తనము కొనుటకు మనము వెచ్చించు సొమ్ము సభ్యులెరిగినదే. అట్టియెడ చేనిగట్టునకు సమీపముననున్న తుమ్మెదలను కాల్చుట ఏపాటి లాభమో ఆలోచింపుడు.

వంగతోటమాటయు నట్టిదే. వంగపూవులోని పుప్పొడి సంచుల కొనయందు సన్నని రంధ్రము మాత్రమే యుండును. పువ్వును గట్టిగా పట్టుకొని, రెక్కల కండరములతో దడదడలాడించినప్పుడే పుప్పొడి జలజల రాలును. తుమ్మెద ఝుమ్మనుచు చేయుపని యిదియే. మన పెట్టెలలోని తేనెటీగకు ఈ విద్య రాదు. గుమ్మడి పాదులకును తుమ్మెదలు వచ్చును. పొడుగుగొట్టము గల పువ్వుల మొదలు చీల్చి తేనె దొంగిలించు దుర్గుణము మాత్రము వీనికి కలదు, దానిని దాచము.

కావున చేయవలసిన పద్ధతి యిది. చీకటిపడిన పిమ్మట పలుచని కాగితమును గంజితో రంధ్రముపై అంటించి మరునాడు చూడుడు. కాగితము చినిగినచో లోపల కాపుర మున్నది, దానిని కదల్పకుడు. గ్రుడ్డు పెట్టినది మొదలు రెక్కలు వచ్చువరకు మన ఉష్ణప్రదేశములలో నెల పైచిలుకు పట్టును. పిల్లలు మరికొంతకాలము గూటిలోనే యుండును. కాగితము పదిదినములు వరుసగా చినుగక నిలిచినప్పుడు, వడ్రంగి వాడు జిగురులో ముంచిన కఱ్ఱబిరడాను రంధ్రమున బిగగొట్టి, పైన చదును చేయవలయును. తరువాత నూనెరంగు రెండుపూతలు వేయవలయును. అవి ఎండవానలకు పాతబడిన రంగులేని కఱ్ఱనే ఎక్కువగా కోరును. అడుగుభాగమునకును కోసిన కొనలకును రంగు తప్పక తగులవలయును. మనవారు కనబడు వైపునకే రంగువేసి ఊరకుందురు. సున్నము చాలదా యని కొందరందురు. సున్నము పొరలుగా రాలిపోవును, చాలదు.

పురుగుమందు చల్లుట మేము ఒప్పుకొనము. గాడిపైన చల్లిన మందు మేతలో పడును, మేతనుండి పాలలోనికి పోవును. 1997లో మనదేశమున నిషేధింపబడిన బి.హెచ్.సి. పొడి పాత సంచులలో ఇంకను ఎవరియింటనైన మిగిలియున్నచో దానిని తాకనే తాకరాదు.

తీసివేసిన దూలపుముక్కను పొయ్యిలో పెట్టక, పాదుల పందిరి రాటకు వాన తగులకుండ కట్టినచో, లోనున్న పిల్లలు వచ్చివేసి, మరల అచటనే కాపురముండును. దానితోడనే ఎండిన వెదురుముక్కలను, ఒక కొన కణుపుతో మూసియుండునట్లు కోసి, అడ్డముగా కట్టవచ్చును. బ్రెజిలు దేశమున పాషన్ పండు తోటల రైతులకై, ఇట్లు తుమ్మెదలుండుటకు పెట్టెలనే తయారుచేసియున్నారు. పైన చెప్పిన రైతు కొట్టమున ఇప్పుడు రంగువేసిన టేకుదూలము లున్నవి; పాతముక్క బీరపందిరికి వ్రేలాడుచున్నది. మేము పోయినపుడెల్ల ఆతడు మొదట దానినే చూపును.