ఊపిరి లేని యంత్రం మౌత్ ఆర్గాన్ వాయించగలదా?

1975లో వచ్చిన 'షోలే' చిత్రంలో అమితాబ్ బచ్చన్ మౌత్ ఆర్గాన్ వాయించడం మనలో చాలామందిమి చూసే ఉంటాం. జేబులో పట్టే ఆ వాద్యాన్ని యంత్రం చేత వాయించవచ్చా? వాయించవచ్చు. అదెలాగో తెలుసుకుందాం.

యంత్రాలు తమంతట తాము మోగడం మన హైదరాబాదుకు కొత్త కాదు. మన మలక్‌పేట నుంచి చాదర్‌ఘాట్ మీదుగా సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళితే, అక్కడి గడియారంలో గడ్డం బొమ్మ గంటగంటకూ బయటికొచ్చి గంట కొడుతుంది. అయితే గంటకు దెబ్బ చాలు. మౌత్ ఆర్గాన్‌కు గాలి కావాలి, అదీ రెండు వైపులా.

పది రంధ్రాల మౌత్ ఆర్గాన్‌లో ఇరవై రేకులుంటాయి. ప్రతి రంధ్రంలో ఊదితే ఒక రేకు, పీలిస్తే మరొకటి మోగుతుంది. నాలుగో రంధ్రం ఊదితే స, పీలిస్తే రి. ఐదోది ఊదితే గ, పీలిస్తే మ. ఆరోది ఊదితే ప, పీలిస్తే ద. ఏడో రంధ్రం దగ్గర వరస తిరగబడుతుంది. పీలిస్తే ని, ఊదితే పై స. అంటే నాలుగు రంధ్రాల్లోనే శంకరాభరణం స్వరాలన్నీ ఉన్నాయన్నమాట!

ఇక గాలి సంగతి. పాత వాక్యూమ్ క్లీనర్ ఒక వైపు పీలుస్తుంది, మరో వైపు ఊదుతుంది. రెండు వైపులా ఒక్కో డబ్బా బిగించాలి. నేరుగా వదిలితే ఆ జోరుకు రేకులు పాడవుతాయి కనుక డబ్బాలకు చిన్న కన్నాలు పెట్టి ఎక్కువైన గాలిని వదిలేయాలి. నాలుగు రంధ్రాలకు నాలుగు గొట్టాలు, ఒక్కో గొట్టానికి రెండేసి కవాటాలు, మొత్తం ఎనిమిది. ఒకే గొట్టంలో రెండూ ఒకేసారి తెరిస్తే గాలి అడ్డదారిన పోతుంది, స్వరం పలకదు. అందుకే స, రి ఎప్పుడూ కలిపి రాయకూడదు. కరెంటు పని మాత్రం సైన్సు మాస్టారి ఎదుటే చేయాలి సుమా!

ఏ కవాటం ఎప్పుడు తెరవాలో ఎవరు చెప్పాలి? 1920లలో అమెరికాలో వచ్చిన 'రోల్మోనికా'కు కన్నాల కాగితం చుట్ట చెప్పేది. మనిషి గాలి ఇస్తూ పిడి తిప్పితే పాట వచ్చేది. మన చేనేత మగ్గాల మీది జకార్డు అట్టలదీ ఇదే సూత్రం. కన్నం ఉన్నచోట ఒక పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. కంప్యూటర్ భాషలో అవే ఒకటి, సున్నా. ఎనిమిది కవాటాలంటే ఎనిమిది బిట్లు, అంటే ఒక బైటు. కాగితం బదులు ఆర్డునో వంటి చిన్న బోర్డు పెట్టినా లెక్క మారదు.

కంప్యూటర్, రోబో అనగానే అవి కార్పొరేట్ కాలేజీల పిల్లలకేనని మనం వెనక్కి తగ్గుతున్నాం. మగ్గం మీద అట్టలు మార్చే నేతన్నకు తెలిసిన విద్య మనకెందుకు అందదు? స్వరాన్ని వంచి పలికించే మనిషి నేర్పు ఈ యంత్రానికి రాదు. కానీ దాన్ని తయారుచేసే నేర్పు మనకు వస్తుంది. సెలవుల్లో నలుగురం కలిసి మొదలుపెడదాం. ముందు ఒక్క 'స' పలికిస్తే చాలు, మిగతా ఏడూ అదే దారిన వస్తాయి.