నీటిబాట, ఇనుపబాట, రాచబాట

రాయలసీమలో కర్నూలు, కడప జిల్లాలు వర్షము తక్కువగా గల మెట్టసీమలు. ఇట్టి సీమలో బాట లేనియెడల బ్రతుకే కష్టమగును. పొరుగుసీమలో ధాన్యము రాసులుగా నున్నను, దానిని చేర్చు త్రోవ లేనిచో ఆకలి తీరదు. అందుచేత ఈ జిల్లాల బాటల చరిత్ర తెలిసికొనదగినది.

పందొమ్మిదవ శతాబ్దమున సర్ ఆర్థర్ కాటన్ అను ఇంజనీరు నదులను కాలువలతో కలిపి, వానిపై పడవలు నడపవలెనని వాదించెను. నీటిపై సరకు మోయుటకు ఖర్చు స్వల్పమని ఆయన నమ్మకము. 1858లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఏర్పడెను. దాని మూలధనములో పది లక్షల పౌనులపై నూటికి 5 వంతున వడ్డీకి ప్రభుత్వము పూచీ పడెను. కర్నూలునకు ఎగువన సుంకేసుల యొద్ద తుంగభద్రపై ఆనకట్ట కట్టి, 1863 మొదలు కాలువ త్రవ్వ నారంభించిరి. 1871 నాటికి కడప వరకు సుమారు 190 మైళ్ళ కాలువ సిద్ధమయ్యెను. అదియే కర్నూలు - కడప కాలువ. కర్నూలులో అది హంద్రీనదిని వంతెనవంటి కట్టడముపై దాటును. మిట్టకందాల యొద్ద మిట్టను చీల్చుకొని, కృష్ణా పరీవాహము నుండి పెన్నా పరీవాహములోనికి దిగును.

నేల పల్లమగుచోట్ల పడవలు దిగుటకు లాకులు కట్టిరి. లాకనగా రెండు తలుపుల నడుమ నుండు నీటితొట్టి. పడవ లోనికి వచ్చిన పిమ్మట వెనుక తలుపు మూసి, నీటిని మెల్లగా వదలుదురు. నీటితోపాటు పడవయు దిగును. అప్పుడు ముందు తలుపు తెరతురు.

ఐనను ఈ నీటిబాట అనుకొన్నంత ఫలింపలేదు. పడవకు ఏడాది పొడవునను లోతైన నీరు కావలెను. వేసవిలో తుంగభద్ర సన్నగిల్లును. ఉన్న నీరు పైరున కీయవలెనా, పడవకు నిలుపవలెనా అను చిక్కు తప్పలేదు. అంతేకాక అదే కాలమున మద్రాసు నుండి ఇనుపబాట కడప, ఎఱ్ఱగుంట్ల, గుంతకల్లు, ఆదోని మీదుగా సాగి, 1871లో రాయచూరు చెంత బొంబాయి బాటను కలిసెను. ఆ రైలు కంపెనీకిని ప్రభుత్వమే పూచీ. ఒకే ఖజానా రెండు బాటలకు పూచీ పడినను, రెండింటిని కలుపు ఒక్క ప్రణాళిక లేకపోయెను. కాలువ నెల్లూరు తీరమును చేరనే లేదు. కర్నూలు పట్టణమునకు రైలు ఇరువదవ శతాబ్దమున గాని రాలేదు.

ఆ లోటు 1876-78 నాటి కరవులో బయటపడెను. రైలుస్టేషను వరకు వచ్చిన ధాన్యమును పల్లెలకు చేర్చుటకు ఎడ్లబండ్లే దిక్కు. మేతయు నీరును లేక ఎద్దులే చచ్చుచుండగా బండి లాగున దెవరు? 1871, 1881 జనాభా లెక్కల నడుమ కర్నూలు జిల్లాలో జనులు సుమారు నాలుగవ వంతు తగ్గిరి.

1882లో ప్రభుత్వము కాలువను కొనెను. 1933లో పడవల రాకపోకలు నిలిచిపోయెను. కాలువ మాత్రము నేటికిని పొలములను తడుపుచున్నది. కరవు పిదప గుంతకల్లు నుండి నంద్యాల మీదుగా బెజవాడకు రైలుబాట వేసిరి. కాని అది మీటరుగేజి, మద్రాసుబాట బ్రాడుగేజి. కావున గుంతకల్లులో సరకును ఒక బండి నుండి దింపి మరియొక బండి కెక్కింపవలసి వచ్చెడిది. 1990 దశకమున ఆ బాటను వెడల్పు చేయువరకు ఈ శ్రమ తీరలేదు.

రోడ్ల విషయమున 1943లో ఒక మేలు జరిగెను. దేశమందలి వివిధ రాష్ట్రముల చీఫ్ ఇంజనీర్లు నాగపురమున కూడి, ఇరువది ఏండ్లకు సరిపడు పథకము రచించిరి. రోడ్లను జాతీయ, రాష్ట్ర, జిల్లా, గ్రామ రోడ్లని విభజించి, ఏది దేనిని కలియవలెనో నిర్ణయించిరి. హైదరాబాదు నుండి బెంగుళూరుకు కర్నూలు మీదుగా పోవునది నేటి 44వ జాతీయ రహదారి. కర్నూలు నుండి నంద్యాల, కడపల మీదుగా పోవునది 40వది.

రైలులో మాత్రము నంద్యాల, కడపలను సూటిగా కలుపుటకు 2016 వరకు ఆగవలసి వచ్చెను. ఆ యేట నంద్యాల - ఎఱ్ఱగుంట్ల మార్గము తెరవబడెను. 2019లో ఓబులవారిపల్లె నుండి వెలిగొండలను సొరంగముతో దాటి వెంకటాచలము చేరు మార్గము వచ్చెను. దానితో కృష్ణపట్నము రేవునుండి వచ్చు బండ్లకు గూడూరు, రేణిగుంటల చుట్టుదారి తప్పెను. నాడు కాలువ చేరలేని నెల్లూరు తీరమునకు నేడు కడపసీమ నుండి రైలు సూటిగా పోవుచున్నది.

బాట వేయుటకు ముందు, ఏ సరకు ఎచ్చట పుట్టును, ఎచ్చట అమ్ముడుపోవును, ఇరువది ఏండ్లకు ఎంత పెరుగును అని లెక్క కట్టవలెను. పొరుగు జిల్లావారితోను, పొరుగు రాష్ట్రమువారితోను సంప్రదింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, ఒక బాట వేరొక బాటను కలియుచోటును ముందే ఎంచవలెను. కరవునాడు ధాన్యము ఆగిపోయినది అట్టి చోటనే.