ప్రాణవాయువు విడిచిన జాడలు

ఇనుపమేకు తడిగాలి సోకినచో త్రుప్పుపట్టును. కోసిన వంకాయ ముక్క కొంతసేపటికి నల్లబడును. చాలకాలము నిలువయున్న నూనె కమటువాసన వేయును. ఈ మూడింటికిని కారణము గాలిలోని ఆమ్లజని. లోకము ప్రాణవాయువని కొనియాడునది దీనినే.

మానవదేహమునందును ఇట్టి కార్యము జరుగుచున్నది. జీవకణములు ఆహారమును ఆమ్లజనితో కలిపి శక్తిని పొందును. అప్పుడు ఆమ్లజనిలో కొలది భాగము తీవ్రరూపములు దాల్చి, కణములలోని క్రొవ్వులకును, మాంసకృత్తులకును, డి.ఎన్.ఏ.కును హాని కలిగించును. వీనిని అణచు రక్షకపదార్థములను దేహము తానే తయారుచేసికొనును. అట్టి ఎంజైము నొకదాని పనిని 1969లో మెక్కార్డ్, ఫ్రిడోవిచ్ అను అమెరికా శాస్త్రజ్ఞులు కనుగొనిరి. దాడి హెచ్చి రక్షణ చాలకపోయిన స్థితికి ఆక్సీకరణ ఒత్తిడి అని పేరు. గుండెజబ్బు, మధుమేహము మున్నగు వ్యాధులలో ఇది కానవచ్చుచున్నది.

ఈ తీవ్రరూపములు క్షణకాలము మాత్రమే నిలుచును గనుక వానిని పట్టి కొలుచుట కష్టము. దొంగ కానరాకున్నను అడుగుజాడలు కనబడునట్లు, అవి చేసిన హాని గుర్తులు రక్తమునందును మూత్రమునందును దొరకును. వీనినే జీవసూచికలందురు. 1990లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయమున మారో, రాబర్ట్స్ అనువారును, వారి సహచరులును ఐసోప్రోస్టేనులు అను గుర్తులను కనుగొనిరి. కణములలోని క్రొవ్వు చెడినప్పుడు ఇవి పుట్టును. 1995లో ప్రకటింపబడిన పరిశోధనలో పొగత్రాగువారి రక్తమున ఇవి అధికముగా నుండెను. రెండు వారములు పొగత్రాగుట మానగా తగ్గెను.

అట్లైనచో ఆక్సీకరణమును అణచు మాత్రలు మ్రింగినచో చాలదా? ఫిన్లాండు దేశమున 29,133 మంది పొగత్రాగు పురుషులపై ఇట్టి పరీక్షయే జరిగెను. దాని ఫలితములు 1994లో వెలువడెను. బీటాకెరొటిన్ మాత్రలు పుచ్చుకొనిన వారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గలేదు సరికదా, పుచ్చుకొననివారిలో కంటె 18 శాతము హెచ్చుగా కనబడెను. మేలు చేయుననుకొనిన మందు కీడు చేసెను.

దేహమున తీవ్రరూపములన్నియు శత్రువులు కావు. సూక్ష్మక్రిములను చంపుటకు తెల్లరక్తకణములు వానినే ఆయుధములుగా వాడును. కావున సూచికను చూచి తొందరపడి మందు మ్రింగుట తగదు. పొగను విసరికొట్టినంతమాత్రమున నిప్పు ఆరదు. జీవసూచిక నిప్పున్న చోటును చూపును. ఆ నిప్పును ఆర్పుట, అనగా హానికి మూలమైన అలవాటును మానుట, మనుష్యుని చేతిలోనున్న పని.