కేంబ్రిడ్జిలో ఒక హిందీ కవి

డాక్టరు అను మాట వినగానే మనకు మందులిచ్చు వైద్యుడు జ్ఞప్తికి వచ్చును. లాటిను భాషలో ఆ మాటకు బోధించువాడని అర్థము. విశ్వవిద్యాలయములు పరిశోధకులకు ఇచ్చు పిహెచ్.డి. పట్టమును పొందినవారిని కూడ డాక్టరనియే పిలుతురు. ఇంగ్లీషు సాహిత్యములో ఆ పట్టమును పొందుట ఎట్టి పనియో హిందీ కవి హరివంశరాయ్ బచ్చన్ చరిత్ర వలన తెలియును.

బచ్చన్ 1907లో జన్మించెను. 1935లో వెలువడిన 'మధుశాల' అను కావ్యము ఆయనకు ఉత్తర హిందూస్థానమంతట కీర్తి తెచ్చెను. అయినను ఆయన వృత్తి అలహాబాదు విశ్వవిద్యాలయములో ఇంగ్లీషు బోధించుట. 1952లో, 44 ఏండ్ల వయస్సున, ఆయన కేంబ్రిడ్జికి ప్రయాణమయ్యెను. ఇంట భార్య తేజీ, పదేండ్లైనను నిండని పెద్ద కుమారుడు అమితాబ్, వానికంటె చిన్నవాడు అజితాబ్ ఉండిరి. ఆ అమితాబే తరువాత ప్రసిద్ధ చలనచిత్ర నటుడయ్యెను. పేరుపొందిన కవి, పలువురికి గురువు, మరల విద్యార్థియై పరదేశములో కూర్చుండుట సామాన్యమైన సాహసము కాదు.

వింతయేమనగా, ప్రాచీనములైన ఆ ఇంగ్లీషు విశ్వవిద్యాలయములలో ఈ పట్టము పాతది కాదు. ఇది జర్మనీ నుండి వ్యాపించినది. ఆక్స్‌ఫర్డు దీనిని 1917లోను, కేంబ్రిడ్జి 1919లోను నెలకొల్పెను. కేంబ్రిడ్జిలో ఇంగ్లీషు సాహిత్యము ప్రత్యేక పరీక్షావిషయమైనదియు 1917లోనే. అప్పటికి అనేక సంవత్సరములుగా మన దేశపు కళాశాలలలో బాలురు షేక్‌స్పియరును వల్లించుచునే యుండిరి!

ఈ చదువులో పట్టమునకై వ్రాయవలసిన ప్రశ్నపత్రములు లేవు. ప్రశ్నను విద్యార్థియే వెదకుకొనవలెను. బచ్చన్ ఎన్నుకొన్నది ఐర్లండు కవి యేట్స్ రచనలలోని గూఢవిద్యల విషయము. యేట్స్ యౌవనమున దివ్యజ్ఞాన సమాజములో చేరెను. మోహినీ చటర్జీ అను వంగదేశీయుని బోధలు వినెను. 1912లో రవీంద్రుని ఇంగ్లీషు గీతాంజలికి పీఠిక వ్రాసెను. పురోహిత స్వామితో కలిసి ఉపనిషత్తులను అనువదించెను. మంత్రతంత్రములపై ఆయనకున్న ఈ మక్కువను కొందరు విమర్శకులు వెర్రిగా త్రోసివేసిరి. ఆ వెర్రియే కవిత్వమునకు ఆధారమైనచో?

ఇచ్చట పరిశోధకునకు గొప్ప చిక్కు కలదు. యేట్స్ పద్యములో పునర్జన్మ ప్రస్తావన కనబడినదనుకొందము. ఇది మన ఉపనిషత్తుల ప్రభావమే అని భారతీయునకు తోచుట సహజము. కాని గ్రీకు తత్త్వవేత్త ప్లేటో కూడ పునర్జన్మను చెప్పెను గదా! పద్యము ఏ సంవత్సరమున వ్రాయబడెను? అప్పటికి కవి చదివిన గ్రంథములేవి? ఆయన లేఖలు ఏమి చెప్పుచున్నవి? ఆ పద్యపు మొదటి చిత్తుప్రతిలో ఆ భావము ఉన్నదా, తరువాత చేరినదా? ఉపనిషత్తుల అనువాదము వెలువడినది 1937లో. దానికి ముందు వ్రాసిన పద్యమునకు ఆ గ్రంథమును కారణముగా చూపరాదు. స్వదేశాభిమానము సాక్ష్యము కానేరదు. ఇట్లు ఒక్క వాక్యమును నిలబెట్టుటకు నెలల తరబడి గ్రంథాలయములో గడపవలసి రావచ్చును.

దారి చూపుటకు ఒక ఆచార్యుడుండును. బచ్చన్‌కు లభించిన టి. ఆర్. హెన్ యేట్స్‌కు ప్రియమైన స్లైగో ప్రాంతమువాడే. ఆచార్యుడు లోపములను చూపును గాని గ్రంథమును వ్రాసిపెట్టడు. నేడు కేంబ్రిడ్జిలో సాహిత్య సిద్ధాంతగ్రంథము 80,000 మాటలకు మించరాదు. దానిని చదివిన పరీక్షకులు విద్యార్థిని ఎదుట కూర్చుండబెట్టి ప్రశ్నింతురు. అందులో క్రొత్త విషయమేమియు లేనిచో పట్టము లేదు; లోపములున్నచో దిద్ది తెమ్మందురు.

బచ్చన్ కృతార్థుడై 1954లో డాక్టరు పట్టముతో స్వదేశమునకు తిరిగివచ్చెను. మరుసటి సంవత్సరమే ఆయన అధ్యాపకత్వము విడిచి, హిందీ వ్యవహారములు చూచుటకై ఢిల్లీలో విదేశాంగ శాఖలో చేరెను. షేక్‌స్పియరు 'మాక్‌బెత్', 'ఒథెల్లో' నాటకములను హిందీలోనికి తెచ్చెను. సిద్ధాంతగ్రంథము 1965లో పుస్తకరూపమున అచ్చయ్యెను. కేంబ్రిడ్జి నాటి ముచ్చటలను ఆయన 1977లో ప్రకటించిన స్వీయచరిత్ర మూడవ సంపుటములో వ్రాసెను. దాని పేరు 'బసేరే సే దూర్'. అనగా గూటికి దూరముగా.