కొండ నుండి కడలికి: వంశధార బాటసారులు

మానవుడు బాటలు వేయక పూర్వమే నదులు బాటలు వేశాయి. కొండలను ఒరుసుకొని, అడవులను తడిపి, మైదానాలను పండించి సముద్రాన్ని చేరే నది వెంట నడిచినవానికి ఒక ప్రాంతం స్వరూపమంతా అవగతమవుతుంది. ఉత్తర కోస్తా ఆంధ్రలో అటువంటి నది వంశధార. ఒడిశాలోని కలహండి, రాయగడ జిల్లాల సరిహద్దు కొండలలో జన్మించి, సుమారు 250 కిలోమీటర్లు ప్రవహించి, శ్రీకాకుళం జిల్లాలోని కళింగపట్నం వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. బత్తిలి సమీపంలో ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెట్టిన ఈ నది హిరమండలం వద్ద గొట్టా బ్యారేజిలో కొంత విశ్రమించి, శ్రీముఖలింగ క్షేత్రాన్ని, శాలిహుండం బౌద్ధ స్తూపాల కొండను దర్శించి సాగరం వైపు సాగుతుంది. ఈ దారిలోను, దాని పరిసరాలలోను మనిషితో పాటు మరికొందరు ప్రయాణికులు కూడా తారసపడతారు. వారిలో ముఖ్యమైనవారు ముగ్గురు: కొండమీది ఏనుగు, చెట్టుమీది గూడబాతు, ఇసుకమీది తాబేలు.

అడవిలో ప్రయాణించేవానికి కాళ్ల బలం ఒక్కటే చాలదు. అడవి మాట తెలియాలి. ఈ సత్యాన్ని ఆచరణలో చూపిన మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తి. ఆయన 1863 ఆగస్టు 29న వంశధార తీరాన ఉన్న పర్వతాలపేటలో జన్మించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా పనిచేస్తూ సమీపంలోని కొండలలో నివసించే సవరల భాష నేర్చుకొన్నారు. వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని బడులు పెట్టించారు. సవర భాషకు వ్యాకరణాన్ని, నిఘంటువును సమకూర్చారు. ఈ కృషిలో మన్యపు జ్వరం ఆయనను పీడించింది. దానికి వాడిన క్వినైన్ వలన ఆయన వినికిడి దెబ్బతిన్నది. ఇతరుల పలుకు వినడానికై అడవికి వెళ్లినవారు చెవులనే మూల్యంగా చెల్లించవలసి వచ్చింది. కొండవాసులు తమ మాట నేర్చుకోవాలని, తాము ఉన్నచోటనే ఉండి ఆజ్ఞాపించడం ఆయన మార్గం కాదు. వారి దగ్గరకు తానే నడిచి వెళ్లడం ఆయన మార్గం. వన్యప్రాణులను అర్థం చేసుకోవడానికి కూడా ఇంతకంటె వేరొక మార్గం లేదు.

కళింగ దేశానికి ఏనుగు కొత్తది కాదు. కళింగ, అంగ దేశాల ఏనుగులు శ్రేష్ఠమైనవని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో పేర్కొన్నాడు. ఈ ప్రాంతపు రాజవంశాలు ‘గజపతి’ అనే బిరుదును సగర్వంగా ధరించాయి. విజయనగరం పూసపాటి ప్రభువుల పేర్లలో అది నేటికీ వినిపిస్తుంది. కాని ఇటీవలి తరాలకు ఏనుగు దేవాలయ ద్వారం వద్దనో, బొమ్మల పుస్తకంలోనో కనిపించే జంతువుగా మాత్రమే మిగిలింది. అందుచేత 2007లో ఒడిశాలోని లఖారి లోయ ప్రాంతం నుండి ఏనుగులు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ప్రవేశించినప్పుడు ప్రజలు నివ్వెరపోయారు. 2018లో వచ్చిన మరొక గుంపు తిరిగి వెళ్లక, నాగావళి పరీవాహక ప్రాంతంలోని కొమరాడ, గరుగుబిల్లి, జియ్యమ్మవలస మండలాలలో సంవత్సరాల తరబడి సంచరించింది. పూర్వం విజయనగరం జిల్లాలో ఉన్న ఈ మండలాలు 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరాయి.

ఏనుగు ఊరికి ఎందుకు వస్తుంది? దీనికి సమాధానం దాని శరీరంలోనే ఉన్నది. ఎదిగిన ఏనుగుకు రోజుకు సుమారు 150 కిలోల మేత, వంద లీటర్లకు పైగా నీరు కావాలి. ఒకేచోట నిలిచి మేస్తే ఏ అడవీ దాని ఆకలి తీర్చలేదు. అందువలన నిరంతర సంచారం దానికి జీవనధర్మమైంది. పోతన భాగవతంలోని గజేంద్రుడు కూడా దప్పికతోనే తన మందతో సరస్సును చేరాడు. మందకు సాధారణంగా వయసు మీరిన ఆడ ఏనుగు నాయకత్వం వహిస్తుంది. ఏ కాలంలో ఏ వాగులో నీరు ఉంటుందో, ఏ లోయలో వెదురు దొరుకుతుందో దాని జ్ఞాపకంలో భద్రంగా ఉంటుంది. మనిషి చెవికి అందని మంద్రధ్వనులతో అవి దూరం నుండే ఒకదానితో ఒకటి సంభాషించుకొంటాయి. గనులు, రహదారులు, జలాశయాలు, విస్తరించిన సాగు వలన అడవి ముక్కలైనప్పుడు ఆ పాత దారులు మధ్యలో తెగిపోతాయి. తెగిన దారి చివర చెరకు తోటో, అరటి తోటో, వరి చేనో ఎదురవుతుంది. అడవిలో రోజంతా వెదికితే దొరికే మేత అక్కడ ఒక్క రాత్రిలో లభిస్తుంది.

అయితే ఆ చేను ఒక చిన్నరైతు సంవత్సరపు కష్టం. ఒక్క రాత్రిలో పంట నేలమట్టమైతే అప్పు తీర్చే దారి ఉండదు. ఏనుగుల దాడిలో రైతులు, కూలీలు ప్రాణాలు కోల్పోయిన సంఘటనలు అనేకం జరిగాయి. ఇటువంటి దుఃఖాన్ని చూడకుండా వన్యప్రాణి ప్రేమను బోధించడం న్యాయం కాదు. ఏనుగుల వైపు నష్టం కూడా తక్కువ కాదు. 2023 మే నెలలో భామిని మండలం కాత్రగడ వద్ద నాలుగు ఏనుగులు విద్యుదాఘాతంతో మరణించాయి. ఇరవై రెండు నెలలు గర్భాన మోసి ఒక్క పిల్లను కనే జాతికి నాలుగు ప్రాణాలు పోవడం తేలికగా పూడే లోటు కాదు. ఇక్కడ రైతు దోషి కాడు, ఏనుగూ దోషి కాదు. ఇద్దరికీ ఒకే దారి మిగలడమే అసలు సమస్య.

ప్రపంచంలో ఇతరులు కూడా ఈ చిక్కును ఎదుర్కొన్నారు. మధ్య అమెరికా అడవులలో తిరిగే జాగ్వార్ అనే పెద్దపులి వంటి మృగానికి ఒక దేశపు అడవి చాలదు. అందుకని 1997లో ఆ ప్రాంతపు దేశాధినేతలు దక్షిణ మెక్సికో నుండి పనామా వరకు అడవులను కలిపే జీవ వారధి పథకాన్ని ఆమోదించారు. విడివిడి అభయారణ్యాలను దీవులుగా వదలక, వాటి నడుమ చెట్ల దారులు నిలపడం దాని ఉద్దేశం. మన దేశంలో 1992లో ప్రారంభమైన ఏనుగుల పరిరక్షణ పథకం సైతం ఇటువంటి దారులకు ప్రాధాన్యం ఇస్తున్నది. రాష్ట్ర సరిహద్దు గీత ఏనుగుకు కనిపించదు. కాబట్టి ఒడిశా, ఆంధ్రప్రదేశ్ కలిసి ఆలోచించినప్పుడే ఈ దారులు నిలుస్తాయి. తక్షణ కర్తవ్యాలు కూడా కొన్ని ఉన్నాయి. గుంపు రాకను ముందుగా గ్రామాలకు తెలపడం, తీగలను అందని ఎత్తులో అమర్చడం, పంట నష్టానికి జాప్యం లేకుండా పరిహారం చెల్లించడం అవసరం. ఫొటోల కోసం గుంపును చుట్టుముట్టడం, కేకలతో తరమడం ప్రమాదకరం. బెదిరిన మంద చెల్లాచెదురై మరింత నష్టం చేస్తుంది.

నది దారి నుండి కొంచెం పక్కకు మళ్లితే టెక్కలి సమీపంలో తేలినీలాపురం అనే గ్రామం వస్తుంది. అక్కడ మరొక దృశ్యం కనిపిస్తుంది. సెప్టెంబరు నుండి మార్చి వరకు ఊరిలోని చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు వానాకాలంలో ఇదే విధంగా విడిది చేస్తాయి. ఈ పక్షులు సైబీరియా నుండి వస్తాయని జనంలో ఒక నమ్మకం ఉన్నది. అది సరికాదు. ఈ మూడు జాతులూ దక్షిణాసియాకు, దాని సమీప దేశాలకు చెందినవే. నేలపట్టులోను, ఉప్పలపాడులోను గూడు కట్టేది ఈ గూడబాతుల జాతే. నీరు, చేపలు ఉన్నచోటును వెదుకుతూ ఇవి మన నేలపైనే తిరుగుతాయి. దూరదేశపు అతిథులని మురిసిపోవడం కంటె, ఇవి మన సొంత పక్షులని తెలుసుకోవడం వలన బాధ్యత పెరుగుతుంది. వేరొక దేశం వీటిని కాపాడుతుందని ఊరుకొనే వీలు ఉండదు.

తేలినీలాపురం వాసులు ఈ పక్షులను పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులుగా భావిస్తారు. రెట్టల దుర్వాసనను, కూతల సందడిని సహిస్తారు. అయితే గూటికి చెట్టు ఉంటే సరిపోదు. పిల్లల నోటికి చేప కావాలి. ఆ చేపలు నౌపడ ప్రాంతపు తంపర భూములలో దొరుకుతాయి. తంపర, బీల అని స్థానికులు పిలిచే ఈ చిత్తడి నేలలు మత్స్యకారులకు, రైతులకు కూడా జీవనాధారాలు. 2010లో సోంపేటలోను, 2011లో కాకరాపల్లిలోను విద్యుత్కేంద్రాలకు వ్యతిరేకంగా ప్రజలు ఉద్యమించినప్పుడు ప్రాణనష్టం జరిగింది. పనికిరాని నేలగా కాగితాలలో కనిపించిన చోటు మనుషులకు, పక్షులకు ఎంత ముఖ్యమో ఆ ఉద్యమాలు తెలియజేశాయి. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను కూల్చివేసింది. ఒక పెద్దచెట్టు కూలితే దాని నీడతో పాటు ఎన్నో గూళ్ల చోటు కూడా పోతుందని అటువంటి విపత్తులు గుర్తు చేస్తాయి.

వంశధార ప్రయాణం ముగిసే తీరం వద్ద మూడవ బాటసారి ప్రయాణం మొదలవుతుంది. ఆలివ్ రిడ్లీ జాతి సముద్రపు తాబేలు శీతకాలం చివర రాత్రివేళ ఒడ్డుకు వచ్చి, ఇసుకలో గుంట తీసి, సుమారు వంద గుడ్లు పెట్టి, గుంట పూడ్చి సముద్రంలోకి తిరిగిపోతుంది. ఇంచుమించు 45 నుండి 60 రోజులలో పిల్లలు బయటపడతాయి. పిల్ల ఆడదో మగదో ఇసుక వేడి నిర్ణయిస్తుంది. సముద్రంపైని వెలుగును గుర్తుగా పెట్టుకొని అవి నీటివైపు పరుగుతీస్తాయి. ఒడ్డున విద్యుద్దీపాలు వెలిగితే దారి తప్పి నేలవైపు వస్తాయి. తాబేలు ఊపిరితిత్తులతో శ్వాసిస్తుంది కనుక మరపడవల వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక మరణిస్తుంది. తాబేలు తప్పించుకొనే ద్వారం గల వలలు వాడితే ఈ మరణాలు చాలావరకు తగ్గుతాయి. ఇదే జాతి తాబేళ్లు కోస్టారికాలోని ఓస్తియోనాల్ తీరాన వేల సంఖ్యలో గుడ్లు పెడతాయి. అక్కడి గ్రామస్థులే తీరానికి కాపలాదారులు. మన తీరంలో కూడా అటవీశాఖ సంరక్షణ కేంద్రాలలో గుడ్లను కాపాడి పిల్లలను సముద్రంలోకి వదులుతున్నారు.

ఏనుగుకు నడిచే దారి కావాలి. గూడబాతుకు చెట్టు, చిత్తడి నేల కావాలి. తాబేలుకు చీకటిగల ఇసుక తీరం కావాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ మనిషికి అక్కరలేనిది కాదు. అడవి ఉంటే నదిలో నీరు ఉంటుంది. తంపర ఉంటే వలలో చేప ఉంటుంది. తీరం ఉంటే ఊరు నిలుస్తుంది. వాటి దారిని కాపాడడమంటే మన దారిని మనం కాపాడుకోవడమే. సవరల మాట నేర్చుకోవడానికి గిడుగువారు కొండ ఎక్కిన బాట ఇప్పటికీ ఉన్నది. దానిమీద కనిపించే పాదముద్రలు ఎవరివో, అవి ఏ వైపు వెళ్తున్నాయో చదవడం నేర్చుకోవలసిన బాధ్యత నేటి తరానిది.